ముల్లు లేని రేడియో

సంక్రాంతికి అమ్మ దగ్గరికి వెళ్లాను. భోగి ముందు రోజు సాయంత్రం టీవీ పెట్టబోతే తెరమీద ఒక నోటీసు వచ్చింది. ఈ డివైస్‌లో ఈ యాప్ ఇకపై పనిచేయదని, కొత్తది కొనుక్కోమని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. అమ్మకు చదివి చెప్పాను.

"చెడిపోయిందా?" అంది.

"చెడిపోలేదమ్మా. బాగానే ఉంది."

"బాగానే ఉంటే ఎందుకు రాదురా?"

అమ్మ రేడియో మెకానిక్ భార్య. నలభై ఏళ్లపాటు మా ఇంట్లో అన్నంతో పాటు రేడియోల సంగతులు కూడా వడ్డించేవారు. ఆవిడకు తెలిసిన వస్తువులు రెండే రకాలు: పనిచేసేవి, బాగుచేయాల్సినవి. బాగుండి కూడా పనిచేయని వస్తువు ఉంటుందంటే ఆవిడ నమ్మలేదు. గదిలోకి వెళ్లి మంచం కిందనుంచి రేకు పెట్టె ఒకటి ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టింది.

"మీ నాన్నగారుంటే ఈపాటికి విప్పేసేవారు. నువ్వూ ఒకసారి చూడు."

ఇంటర్నెట్‌లోంచి టీవీకి బొమ్మలు తెచ్చే ఆ స్టిక్‌ను టీవీ వెనకనుంచి ఊడదీసి అటూ ఇటూ తిప్పాను. చూపుడు వేలంత ఉంది. దానికి ఎక్కడా స్క్రూ లేదు, రెండు ప్లాస్టిక్ డొప్పలు కలిపి అతికించేశారు. అమ్మ అక్కడే నిలబడి ఉంది కాబట్టి పెట్టె మూత మాత్రం తీశాను.

తీయగానే వాసన కొట్టింది. లెడ్డు, సోల్డరింగ్ పేస్టు, పాత పెట్రోలు గుడ్డ, కొంచెం తుప్పు. నాన్న చొక్కా వాసన అది. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆ పెట్టెలో అలాగే ఉంది. కాసేపు మాట రాలేదు నాకు.

*

అంబాజీపేటలో మా కొట్టు. సెంటర్ నుంచి లోపలికి వెళ్లే సందులో ఒక గది. రెండు చెక్క తలుపులు, ముందు తాటాకు పంచ. పక్కన కొబ్బరికాయల కొట్టు. పొద్దున్న లేస్తే కాయలు వొలిచే చప్పుడు, లెక్కపెట్టే వాళ్ల పాట. ఇటు మా కొట్టులో రేడియోల గరగర. కురిడీ కొబ్బరి వాసన, లెడ్డు కాలిన వాసన కలిసిపోయి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఎండు కొబ్బరి వాసన వస్తే నా చెవుల్లో గరగర వినబడుతుంది.

నాన్న తెల్లారకుండానే కొట్టు తీసేవారు. ముందు చేసే పని విజయవాడ స్టేషన్ పెట్టడం. 1948 డిసెంబరులో మొదలైన స్టేషన్ అది, నాన్న పుట్టినప్పటినుంచీ ఉన్నట్టే లెక్క. మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్. ఆ అంకె నాకు ఎక్కాలకంటే ముందు వచ్చింది. కార్యక్రమాలు మొదలయ్యే ముందు వచ్చే ఆ సన్నటి ట్యూను, తరవాత వందేమాతరం, తరవాత భక్తిరంజని. ఆ వరస వింటూనే సందులో వాళ్లంతా పళ్లు తోముకునేవారు. గడియారం ఉన్న ఇళ్లు తక్కువ. భక్తిరంజని అయిపోతోందంటే పిల్లలు స్నానానికి లేవాలి.

వాల్వు సెట్లంటే నాన్నకు ప్రాణం. స్విచ్ వేశాక వెంటనే పలకవు. లోపల గాజు బుడ్లలో ఎర్రటి వెలుగు నిదానంగా రాజుకోవాలి. అరనిమిషం ఆగాలి. మొదట సన్నగా హోరు, ఆ తరవాత ఎక్కడో దూరంగా మనిషి గొంతు, అది మెల్లగా దగ్గరికి వచ్చేది. కొన్ని సెట్లకు మ్యాజిక్ ఐ అని ఆకుపచ్చ కన్ను ఉండేది. స్టేషన్ సరిగ్గా దొరికితే ఆ కంట్లో నీడ సన్నబడిపోతుంది. రాత్రి కొట్టు దీపం ఆర్పేసి, ఆ ఆకుపచ్చ వెలుగులోనే రేడియో సిలోన్ స్టేషన్ వెతికేవారు నాన్న. ఆ వెలుగు ఆయన గడ్డం మీద పడేది.

నాకు ఏడెనిమిదేళ్లప్పుడే ఒక పని అప్పజెప్పారు. ఎక్కువ సెట్లు వచ్చేది ఒకే జబ్బుతో, "ముల్లు తిరగట్లేదండి" అని. డయల్ తాడు వదులైపోతుంది, లేదా తెగిపోతుంది. ఆ తాడు చిన్న చిన్న కప్పీల మీదుగా తిప్పి, డ్రమ్ముకు చుట్టి, డయల్ మీద స్టేషన్ చూపించే ముల్లుకు బిగించాలి. నాన్న వేళ్లు లావు. నా వేళ్లు సందుల్లో దూరేవి. తాడు కట్టి, నాబ్ తిప్పి, ముల్లు ఈ చివరనుంచి ఆ చివరకు జరిగిందంటే నాకు పది పైసలు. ఎదురుగా ఉన్న కొట్లో దానికి జీళ్లు వచ్చేవి.

బాగుచేయడానికి వచ్చిన ప్రతి రేడియోకూ నాన్న ఒక చీటీ కట్టేవారు. అట్టముక్కకు చిల్లు పెట్టి, పురికొస దూర్చి, హ్యాండిల్‌కు ముడేసేవారు. దానిమీద మనిషి పేరు, ఊరు, జబ్బు. ఇరుసుమండ, పుల్లేటికుర్రు, మొసలపల్లి, నందంపూడి. ఆ చీటీలు చదివే నేను చుట్టుపక్కల ఊళ్ల పేర్లన్నీ నేర్చుకున్నాను. బాగయ్యాక అదే చీటీ వెనక "మూడు నెలలు గ్యారంటీ" అని రాసి సంతకం పెట్టేవారు. మూడు నెలల లోపు మళ్లీ మూగబోతే కూలి తీసుకునేవారు కాదు.

అప్పట్లో రేడియోకు లైసెన్సు ఉండేది. చిన్న పుస్తకం. ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే జరిమానా. రైతులు రేడియోతో పాటు ఆ పుస్తకం కూడా తెచ్చి కొట్టులో పెట్టేసేవారు. వాళ్లకు గుర్తుండదని నాన్నే పోస్టాఫీసుకు వెళ్లి ముద్ర వేయించుకొచ్చేవారు. అయితే ముద్ర వేయించకపోయినా రేడియో మాత్రం పలికేది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, దీనితో తరవాత పని ఉంది.

*

విడిభాగాలకు నెలకోసారి కాకినాడ ప్రయాణం. అమలాపురం మీదుగా ముక్తేశ్వరం దాకా బస్సు, అక్కడ రేవులో పంటు ఎక్కి కోటిపల్లి దాటాలి, మళ్లీ బస్సు. వేసవి సెలవుల్లో నన్నూ తీసుకెళ్లేవారు. పంటు మీద సైకిళ్లు, అరటి గెలలు, మేకలు, పెళ్లివారు, మధ్యలో మేము. గౌతమి మీద గాలికి మాట వినబడదు. వచ్చేటప్పుడు వాల్వులను దూదిలో చుట్టి, ఆ మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు నాన్న. పసిబిడ్డను పట్టుకున్నట్టే ఉండేది. పంటు ఒడ్డుకు తగిలి కుదుపు ఇచ్చినప్పుడల్లా రెండు చేతులూ దానిమీద పెట్టేవారు.

తరవాత్తరవాత ఆ వాల్వులు దొరకడం మానేశాయి. అందరూ ట్రాన్సిస్టర్లకు వెళ్లిపోయారు. కాకినాడ కొట్టువాడు "ఇక రావండి" అనేశాడు. పాత రోజుల్లో ఏ వస్తువూ చావలేదని నేను చెప్పబోవడం లేదు. నాన్న బల్ల కింద కూడా పలకని సెట్లు వరసగా ఉండేవి. కాకపోతే ఒక సెట్ పూర్తిగా పోయిందంటే దానిలోని వాల్వు ఇంకో సెట్లోకి వెళ్లేది, ట్రాన్స్‌ఫార్మర్ మరో దానికి. చివరికి ఖాళీ చెక్క పెట్టె మిగిలితే అందులో అమ్మ కోడిపెట్టను పొదగేసేది.

ఒకసారి నేదునూరు వైపునుంచి ఒక పెద్దాయన భుజాన రేడియో మోసుకొచ్చారు. ఆయన పెళ్లికి మావగారు ఇచ్చిన సెట్. లోపల పోయిన వాల్వు ఎక్కడా లేదు. నాన్న పోయిందని చెప్పలేదు. చీటీ మీద "పార్టు రావాలి" అని రాశారు. ఆయన నెలకోసారి సంతకు వచ్చినప్పుడల్లా కొట్టు గుమ్మంలో నిలబడి, "ఏవండోయ్, వచ్చిందాండి?" అని అడిగేవారు. "ఇంకా లేదండి" అనేవారు నాన్న. "ఆయ్, అలాగేనండి" అని వెళ్లిపోయేవారు. రెండేళ్లకు ఎక్కడో మూలపడ్డ సెట్లో ఆ వాల్వు దొరికింది. దాన్ని బిగించి, చీటీ వెనక ఎప్పటిలాగే మూడు నెలలు గ్యారంటీ రాసి, నాన్నే సైకిల్ మీద వాళ్ల ఇంటికి తీసుకెళ్లి ఇచ్చొచ్చారు.

*

టీవీలు వచ్చాక నాన్న పని డాబాల మీదికి మారింది. ఆంటెన్నా కట్టాలి. మా కోనసీమలో కొబ్బరి చెట్లు ఎత్తు, వాటికంటే పైకి పోవాలంటే పొడవాటి జీఐ పైపు కావాలి. పైన నాన్న పైపు తిప్పుతుంటే మెట్ల మీద నేను, గదిలో ఇంటివాళ్లు. "వచ్చిందా?" "రాలేదు!" "ఇప్పుడు?" "బొమ్మ వచ్చింది, మాట రాలేదు!" ఆ కేకలు వీధంతా వినబడేవి. 1987లో రామాయణం మొదలైనప్పుడు ఆదివారం పొద్దున్న నాన్నకు కాఫీ తాగే తీరిక కూడా లేదు. అందరి ఆంటెన్నాలూ ఆ గంటలోనే బాగుండాలి. ఉప్పుగాలికి అల్యూమినియం పుల్లలు తెల్లగా పొడి రాలేవి. ఏటా విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించాలి. కాకి వాలి వంచేసిన పుల్లలకు లెక్కే లేదు.

ఆ తరవాత కేబుల్, ఆ పైన సెట్ టాప్ బాక్సు. వాటి గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. మనసుపడి చేసే పని నాన్నకు వాటిలో దొరకలేదు.

*

1996 నవంబరు 6 తుపాను రాత్రి గురించి మాత్రం చెప్పాలి.

ఆ రాత్రి గాలి అరుపు విన్నవాళ్లు దాన్ని మర్చిపోరు. మా పెంకుటింటి మీద పెంకులు పళ్లెంలో అప్పడాల్లా లేచిపోయాయి. అమ్మా నేనూ తలుపుకు రోకలి ఆనించి పట్టుకున్నాం. తెల్లారి చూస్తే కొబ్బరి తోటలు లేవు. మొదళ్లతో లేచిపోయినవి కొన్ని, మధ్యకు విరిగి మొండేలుగా మిగిలినవి కొన్ని. ఎటు చూసినా ఆకాశమే. కరెంటు స్తంభాలన్నీ నేలమీద ఉన్నాయి. కరెంటు వారాల తరబడి రాలేదు. ఎక్కడ ఎవరు పోయారో, ఏ ఊరు మిగిలిందో తెలియదు.

నాన్న కొట్టు కప్పు ఎగిరిపోయింది. బీరువా అడుగు అరలో ఒక రెండు బ్యాండ్ల ట్రాన్సిస్టర్ పొడిగా దొరికింది. దానికి నాలుగు సెల్లులు వేశారు. ముల్లు 837 దగ్గరికి తెచ్చారు. విజయవాడ పలికింది.

కూలిన చెట్టు మొద్దు మీద రేడియో పెట్టి, చుట్టూ నలభై యాభై మంది నిలబడ్డారు. ఎవరూ దగ్గలేదు. వార్తల్లో మా పక్క ఊళ్ల పేర్లు ఒక్కొక్కటీ వస్తుంటే ఒక్కొక్కరు తల పట్టుకుని కూర్చుండిపోయారు. వాళ్ల చుట్టాలున్న ఊళ్లు అవి. సెల్లులు నీరసించిపోతే పగలు ఎండలో పెట్టి, సాయంత్రం వార్తలకు మళ్లీ వేసేవారు నాన్న. అలా ఇంకో రెండు రోజులు లాగించవచ్చు.

తరవాత నీళ్లలో నానిన రేడియోలు రావడం మొదలైంది. బురద ఎండిపోయి గట్టిపడ్డవి, చిన్న కప్పలు దూరినవి. నాన్న వాటిని విప్పి మంచినీళ్లతో కడిగేవారు. ఎలక్ట్రానిక్ వస్తువును నీళ్లతో కడుగుతారా అని ఆశ్చర్యపోయాను. "ఉప్పునీళ్లు, బురద ఉండిపోతే తినేస్తాయిరా. మంచినీళ్లు ఎండిపోతాయి" అన్నారు. చాప మీద ఎండబెట్టి, బ్రష్షుతో దులిపి, సెల్లుల మీద పలికించి చూసి ఇచ్చేవారు. ఆ నెలంతా ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. చీటీలు మాత్రం కట్టారు. జబ్బు రాసే చోట అన్నింటికీ ఒకే మాట, "తుపాను".

*

నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటానంది. ఊరు వదిలి రానంది. కొన్నాళ్లకు ఈ స్టిక్ తెచ్చి పెట్టాను. కరోనా లాక్‌డౌన్‌లో నేను ఆరు నెలలు రాలేకపోయినప్పుడు ఆవిడకు అదే తోడు. పొద్దున్న ప్రవచనం, మధ్యాహ్నం పాత సినిమా, సాయంత్రం వంటలు. రిమోట్‌లో మైకు నొక్కి గట్టిగా పిలిచినట్టు మాట్లాడేది. ఒక్కోసారి అది వేరేది వింటే, "అది కాదు బాబూ" అని నెమ్మదిగా మళ్లీ చెప్పేది.

రెండేళ్లుగా దానికి ఆయాసం వస్తూనే ఉంది. యాప్ తెరుచుకోవడానికి నిమిషం పట్టేది. జాగా నిండిపోయిందని మాటిమాటికీ చెప్పేది. నేను వచ్చినప్పుడల్లా అక్కర్లేని యాప్‌లు తీసేసి, క్యాష్ క్లియర్ చేసి వెళ్లేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయని అప్పుడే చూశాను. ఇది వస్తుందని నాకు తెలుసు. అమ్మకు ముందుగా చెప్పలేదు.

ఆ సాయంత్రం పెట్టె పక్కన పెట్టుకుని, ఎలా చెప్పాలా అని ఆలోచించాను. బొమ్మను కుదించి పంపే పద్ధతులు మారుతుంటాయి. ఇప్పుడు చాలామంది వాడే ఏవీ1 అనేది 2018లో బయటికి వచ్చింది. అంతకు ముందే చేసిన చిప్పులో దాన్ని విప్పుకునే ఏర్పాటు ఎలా ఉంటుంది? యాప్ చేసేవాళ్లు పాత ఆండ్రాయిడ్ మీద, చిన్న మెమరీ మీద పరీక్షించి చూసే ఖర్చు ఇక పెట్టుకోరు. ఇది ఒక్క మా ఇంటి సంగతీ కాదు. 2015లో యూట్యూబ్ తన లోపలి పద్ధతి మార్చినప్పుడు 2012లోనూ, అంతకు ముందూ తయారైన టీవీలు, బాక్సులు కొన్నింటిలో ఆ యాప్ ఆగిపోయింది. క్రోమ్‌కాస్ట్ అని టీవీకి తగిలించే గూగుల్ వాళ్ల పరికరం ఉంది. 2013లో వచ్చిన మొదటి దానికి పదేళ్లకు, 2023లో, సపోర్ట్ తీసేశారు. 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు లోకమంతా ఒక్కసారే మొరాయించాయి. లోపల పదేళ్ల గడువుతో పెట్టిన డిజిటల్ సర్టిఫికెట్ తేదీ దాటిపోయింది. కొద్ది రోజుల్లో అప్‌డేట్ పంపి సరిచేశారు.

ఇదంతా అమ్మకు రేడియో భాషలో చెప్పాను. ఆ సర్టిఫికెట్ అంటే లైసెన్సు పుస్తకం లాంటిదమ్మా, ముద్ర గడువు దాటింది అన్నాను. "ముద్ర లేకపోయినా మన రేడియోలు పలికేవి కదా" అంది. నా దగ్గర జవాబు లేదు. సరే, మనది అది కాదులే, మన దానికి స్టేషన్ వాళ్లు డయల్ మీద తమ మీటరు మార్చేశారు, అంతే అన్నాను.

అమ్మ కాసేపు ఆలోచించింది.

"మీటరు మారితే ముల్లు తిప్పుకుంటాం. దీనికి ముల్లేదీ?"

నేను చాలా ఏళ్లుగా కంప్యూటర్ల పనిలోనే ఉన్నాను. ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. విజయవాడ స్టేషన్ ఏనాడూ నీ రేడియో ఏ సంవత్సరంలో చేసిందని అడగలేదు. అందరికీ ఒకే అల పంపింది. పట్టుకోగలిగిన సెట్ పట్టుకుంది. పట్టుకోలేని సెట్‌ను నాన్న లాంటివాడు విప్పి చూశాడు. ఈ స్టిక్ మాత్రం ముందు అవతలివాళ్లను అడగాలి, వాళ్లు సరే అనాలి. వాళ్లు కాదన్నాక ఇక్కడ కూర్చున్న మెకానిక్ చేయగలిగింది ఏమీ లేదు. నాకు బాధ కలిగించేది కొత్తది కొనడానికి అయ్యే డబ్బు కాదు. పంచలో కూర్చుని బల్ల మీద చేసే మంచి ఇక్కడ చెల్లకపోవడం. కనీసం కొన్ననాడే, ఇన్నేళ్లు యాప్‌లు నడుస్తాయి అని పెట్టె మీద రాసి సంతకం పెట్టవచ్చు కదా. నాన్న అట్టముక్క మీద రాసేవారు.

*

మర్నాడు భోగి. కనుమ వెళ్లాక అమలాపురం వెళ్లి కొత్త స్టిక్ తెచ్చాను. కొట్టులో కౌంటర్ కింద అట్టపెట్టెలో పాతవి పోగుపడి ఉన్నాయి, అన్నీ తళతళలాడుతూ. అలా వదిలేసి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారన్నమాట. మాది అక్కడ వదలబుద్ధి కాలేదు.

కొత్తది బిగించి, వైఫై పెట్టి, పాస్‌వర్డులన్నీ ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టేసరికి పొద్దుపోయింది. అమ్మ పక్కనే కూర్చుని పూతరేకు చుట్టిన కాగితం మడతలు పెడుతోంది.

"పాతది ఇలా ఇవ్వు" అంది.

రేకు పెట్టెలో అడుగున ఇంకా నాలుగైదు ఖాళీ చీటీలు ఉన్నాయి. చిల్లు పెట్టి, పురికొస దూర్చి, సిద్ధంగా. నాన్న ఎప్పుడో చేసి పెట్టుకున్నవి. అమ్మ ఒకటి తీసి స్టిక్‌కు చుట్టబోయింది. దానికి హ్యాండిల్ లేదు, తాడు జారిపోతోంది. నేను పట్టుకుంటే ఆవిడ ముడేసింది. పెన్ను నాకు ఇచ్చింది.

పేరు అని అమ్మ పేరు రాశాను. ఊరు రాశాను. జబ్బు దగ్గర ఆగాను.

"ఏం రాయనమ్మా?"

"పార్టు రావాలి అని రాయి" అంది.

రాశాను. పెట్టెలో పెట్టి మూత వేశాం. ఈలోగా టీవీ మీద కొత్త హోమ్ స్క్రీన్ వచ్చింది. అమ్మ కొత్త రిమోట్ తిప్పి చూసి, మైకు గుర్తు ఎక్కడుందో చూపించమంది.